మాల్టా రిసార్ట్‌లో మొదటి స్కూబా డైవ్: ఈత రాని వాళ్లు చేయొచ్చా? ఏ రోజు పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. జూన్ చివర్లో మీరు, మీవారు, తొమ్మిదేళ్ల బాబు స్టుట్‌గార్ట్ నుంచి వారం రోజులకు మాల్టా వెళ్తున్నారు. బస మెల్లీహా దగ్గర రిసార్ట్‌లో. మీకు ఈత అస్సలు రాదు, మీవారికి "కొంచెం" వచ్చు. రిసార్ట్ వాళ్లు శుక్రవారం మధ్యాహ్నం ట్రై డైవ్ (కోర్సు చేయనివాళ్లు ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా చేసే మొదటి డైవ్) ఖాళీ ఉందన్నారు, మీవారికైతే మూడు రోజుల సర్టిఫికెట్ కోర్సు చేయమన్నారు. గురువారం ఇటలీలోని సిసిలీ ద్వీపానికి వెళ్లి ఎట్నా అగ్నిపర్వతం చూడాలని ప్లాన్. శనివారం పొద్దున ఏడింటికి తిరుగు ఫ్లైట్. "ఈత రాకుండా సముద్రంలో దిగడం పిచ్చితనమా? చేస్తే బాబును కూడా తీసుకెళ్లొచ్చా?" అని అడిగారు.

పిచ్చితనం కాదు, చేయండి. ట్రై డైవ్‌కు ఈత పరీక్ష ఉండదు. కానీ శుక్రవారం మాత్రం వద్దు, సోమవారమో మంగళవారమో పెట్టించుకోండి. మీవారి కోర్సు ఈ ట్రిప్పులో వద్దు. బాబు వయసుకు సముద్రం ఇంకా కుదరదు, స్విమ్మింగ్ పూల్‌లో చేయించొచ్చు.

నాది కాకినాడ. కొన్ని సీజన్లుగా మాల్టాలో డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పని చేస్తున్నాను. వేసవిలో జర్మనీ, నెదర్లాండ్స్, ఐర్లాండ్‌లలో ఉండే మనవాళ్లు ఇక్కడికి బాగానే వస్తుంటారు. వాళ్లలో సగానికి పైగా మీ ప్రశ్నే అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఏ రోజు అన్న సంగతి, ఎందుకంటే మీ ప్లాన్‌లో అసలు చిక్కు అక్కడే ఉంది. నీళ్ల కింద ఒత్తిడిలో గాలి పీలుస్తాం కదా, అందులోని నైట్రోజన్ మామూలు కంటే ఎక్కువగా రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకి వచ్చాక అది ఊపిరితో నెమ్మదిగా బయటికి పోవాలి. అది పూర్తిగా పోకముందే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి లోపలున్న నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి అంతకంటే పెద్ద ఇబ్బందులు వస్తాయి. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తేనో వరసగా కొన్ని రోజులు చేస్తేనో కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదన్నది అందరూ పాటించే లెక్క. చాలా సెంటర్లు 24 గంటలు ఆగమంటాయి. మీరు శుక్రవారం నాలుగింటికి నీళ్లలోంచి వచ్చి శనివారం ఏడింటికి ఎగిరితే 15 గంటలు. ఒక్క డైవ్‌కి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ "బాగుంది, ఇంకోటి కూడా చేద్దాం" అన్నారంటే సరిపోదు. సెలవులో వచ్చి వాచీ చూసుకుంటూ టెన్షన్ పడటం దేనికి?

ఫ్లైట్ గురించి చాలామందికి తెలుసు, కొండ గురించి తెలియదు. ఎట్నాకి వెళ్లే బస్సులు సుమారు 1,900 మీటర్ల ఎత్తు దాకా తీసుకెళ్తాయి, అక్కడి నుంచి కేబుల్ కార్‌లో 2,500 మీటర్ల దాకా పోవచ్చు. విమానం క్యాబిన్‌లో ఒత్తిడి కూడా దాదాపు ఆ ఎత్తులో ఉన్నంతే. అంటే బుధవారం సాయంత్రం డైవ్ చేసి, గురువారం తెల్లారి రాజధాని వలెట్టాలో కాటమరాన్ ఫెర్రీ ఎక్కి, అట్నుంచి ఎట్నా మీదికి వెళ్లడం దాదాపు ఫ్లైట్ ఎక్కడంతో సమానం. రిసెప్షన్‌లో డైవ్ టికెట్ ఒకరు, ఎట్నా టూర్ టికెట్ ఒకరు అమ్ముతారు. ఆ ఇద్దరూ మాట్లాడుకోరు. మాల్టా లోపల మాత్రం ఈ గొడవ లేదు. దేశం మొత్తంలో ఎత్తైన చోటే సుమారు 250 మీటర్లు, పక్క ద్వీపం గోజోకి వెళ్లే ఫెర్రీ ఎలాగూ సముద్రం మీదే.

వారం మొదట్లో పెట్టుకోమనడానికి ఇంకో కారణం గాలి. ఇక్కడ వాయవ్యం నుంచి వీచే గాలిని మయ్యిస్ట్రాల్ అంటారు, ఏడాదిలో ఎక్కువగా వీచేది అదే. అది గట్టిగా వీస్తే ద్వీపానికి ఆ వైపున్న చోట్లన్నీ మూతపడినట్టే. ఈశాన్యం నుంచి వీచేది గ్రిగాల్, అది మెల్లీహా బే మీదికే నేరుగా వస్తుంది. ద్వీపం చిన్నది కాబట్టి మంచి సెంటర్ వాళ్లు వ్యాన్‌లో అవతలి ఒడ్డుకు తీసుకెళ్తారు, కొన్ని రోజులు మాత్రం ఎక్కడా కుదరదు. సోమవారం కుదరకపోతే మంగళవారం ఉంటుంది. శుక్రవారం కుదరకపోతే ఇంకేమీ ఉండదు. పైగా ఆఖరి రోజని, ఎలాగైనా దిగాలన్న పంతం వస్తుంది. కెరటాల్లో మొదటి డైవ్ చేసిన వాళ్లు రెండో డైవ్‌కి రావడం నేను చూడలేదు.

ఇక మీ అసలు భయం, ఈత. ట్రై డైవ్‌లో మీరు ఈదాల్సింది దాదాపు ఏమీ లేదు. ముందు నడుములోతు నీళ్లలో మాస్క్‌లోకి వచ్చిన నీళ్లు ఊది బయటికి పంపడం, నోట్లోంచి రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం) తీసి మళ్లీ పెట్టుకోవడం లాంటివి నేర్పిస్తారు. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ మీ సిలిండర్ పట్టుకుని, మీ జాకెట్‌లో గాలి తనే నింపుతూ తీస్తూ, పక్కనే ఉండి నడిపిస్తారు. పైకి వచ్చాక అదే జాకెట్‌లో గాలి నింపితే బెండులా తేలుతారు. నియమాల ప్రకారం ట్రై డైవ్ లోతు 12 మీటర్లకు మించకూడదు. నా అభిప్రాయంలో మొదటిసారి ఐదారు మీటర్లు చాలు. ఎక్కువ లోతుకు పోతే ఎక్కువ కనిపిస్తుందనుకోవడం భ్రమ. వెలుగు, రంగులు, చేపలు అన్నీ పైనే బాగుంటాయి. ఐదు మీటర్లు దాటేసరికే ఎరుపు మసకబారడం మొదలవుతుంది.

ఈత వచ్చిన వాళ్లకే ఒక్కోసారి ఇబ్బంది ఎక్కువ. మొన్నటి సీజన్‌లో ఒక హైదరాబాద్ జంట వచ్చారు. ఆయన కాలేజీ రోజుల్లో ఈత పోటీలకు వెళ్లినాయన, ఆవిడకు బాత్‌టబ్ అన్నా భయమే. ఆయన నీళ్లలోకి వెళ్లగానే అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి చేతులు ఆడించడం మొదలుపెట్టారు, పది నిమిషాల్లో అలిసిపోయి పైకి వెళ్దామని సైగ చేశారు. ఆవిడేమో చెప్పింది చెప్పినట్టు విని, చేతులు కట్టుకుని, నెమ్మదిగా ఊపిరి తీస్తూ అరగంట పైనే ఉన్నారు. మొదటి డైవ్‌లో ఈదే శక్తి కంటే నిదానం ఎక్కువ పనికొస్తుంది.

ఊపిరి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బిగబట్టకూడదు. డైవింగ్‌లో ఒక్క నియమమే గుర్తుంటుందనుకుంటే అది ఇదే కావాలి. సముద్రంలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. పది మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతల చోటు కోరుతుంది. నోరు మూసుకుని పైకి తేలితే ఆ గాలికి దారేది? ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, అది లోతు తక్కువైనా జరగొచ్చు. ప్రాణాయామం చేసే అలవాటున్న వాళ్లు నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి తీయడంలో ముందుంటారు. వాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పేది ఒకటే: పూరకం, రేచకం చేసుకోండి, కుంభకం (ఊపిరి బిగబట్టడం) జోలికి మాత్రం పోవద్దు.

చెవుల సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మొదటి డైవ్‌లు ఆగిపోయేది ఎక్కువగా చెవుల వల్లే. ఫ్లైట్‌లో సగం తాగి మూత బిగించిన నీళ్ల సీసా, కిందికి దిగాక సొట్టపోయి ఉండటం చూసే ఉంటారు. మీ మధ్య చెవిలో ఉన్న గాలికీ అదే జరుగుతుంది, నీళ్లలో ఇంకా త్వరగా జరుగుతుంది. ముక్కు రెండు వేళ్లతో మూసి మెల్లగా ఊదితే గొంతు వైపు నుంచి చెవిలోకి గాలి వెళ్లి సర్దుకుంటుంది. కొందరికి ముక్కు మూసుకుని గుటక వేస్తే చాలు. దీన్ని నొప్పి వచ్చాక కాదు, నొప్పి రాకముందే, తల నీళ్లలో మునగగానే మొదలుపెట్టి ప్రతి మీటరుకూ చేయాలి. సర్దుకోకపోతే మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. గట్టిగా ఊదొద్దు, లోపలి చెవి దెబ్బతింటుంది.

"ఐదు మీటర్లే కదా, చెవికి ఏమవుతుంది?" అంటారు. నిజానికి ఆ మొదటి పది మీటర్లే కష్టం. అక్కడ ఒత్తిడి ఒకటి నుంచి రెండుకు, అంటే ఏకంగా రెట్టింపు అవుతుంది. పది నుంచి ఇరవైకి దిగితే రెండు నుంచి మూడే, అంటే ఒకటిన్నర రెట్లు. కాబట్టి జలుబు ఉంటే దిగొద్దు. జలుబు తగ్గించే స్ప్రే కొట్టుకుని దిగడం ఇంకా తప్పు. మందు ప్రభావం నీళ్ల కింద ఉండగా తగ్గితే, పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాక చెవిలో, సైనస్‌లో ఇరుక్కుంటుంది. మాల్టా వచ్చే ఫ్లైట్‌లో దిగేటప్పుడు మీ చెవులు ఎలా ఉన్నాయో గమనించి ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి. అది మాకు చాలా పనికొచ్చే సమాచారం.

మీ ప్రశ్నలో "ఆక్సిజన్ సిలిండర్ మధ్యలో అయిపోతే?" అని కూడా ఉంది. అందులో ఉండేది మామూలు గాలే, మీరు ఇప్పుడు పీలుస్తున్నదే, తేమ తీసి వడకట్టి నింపుతారు. అచ్చమైన ఆక్సిజన్ అయితే ఆరు మీటర్లు దాటాక విషంలా పనిచేసి ఫిట్స్ తెప్పించగలదు. ఇక్కడ ఎక్కువగా వాడే 12 లీటర్ల స్టీల్ సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో సుమారు 2,400 లీటర్ల గాలి ఉంటుంది. కంగారులో నిమిషానికి 30 లీటర్లు పీల్చే మనిషికి కూడా ఐదు మీటర్ల లోతులో అది యాభై నిమిషాలకు వస్తుంది. ట్రై డైవ్ అరగంటలో ముగుస్తుంది. అయినా ఇన్‌స్ట్రక్టర్ దగ్గర అదనపు రెగ్యులేటర్ ఉంటుంది, గాలి ఎంత మిగిలిందో చూపే మీ గేజ్ తనే చూస్తుంటారు.

మీవారి కోర్సు విషయం. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌కి నాలుగు సముద్రపు డైవ్‌లు, పూల్ శిక్షణ, థియరీ, పరీక్ష ఉంటాయి. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి (టైమ్ లెక్క లేదు), పది నిమిషాలు ఏ ఆధారం లేకుండా తేలాలి. "కొంచెం వచ్చు" అనే మనవాళ్లలో చాలామంది 25 మీటర్ల పూల్ ఒక్కసారి దాటి గోడ పట్టుకుంటారు. అలాంటప్పుడు మూడు రోజుల కోర్సు మొదటి పూటే ఆగుతుంది. ఆయన పాసైనా, మీ వారం రోజుల సెలవులో మూడు రోజులు మీరూ బాబూ విడిగా గడపాలి. నేను డైవింగ్ నేర్పి బతికేవాణ్నే, అయినా ఇది వద్దనే అంటాను. ఆయనకు ట్రై డైవ్ నచ్చితే థియరీ ఆన్‌లైన్‌లో, పూల్ భాగం స్టుట్‌గార్ట్‌లోనే పూర్తి చేసి, నాలుగు డైవ్‌లు మాత్రం మరోసారి మధ్యధరా తీరానికి వచ్చి చేసే పద్ధతి ఉంది. దాన్ని రెఫరల్ అంటారు. జర్మనీ చెరువుల్లో లోతుకు వెళ్లే కొద్దీ చలి చంపేస్తుంది, సముద్రం కోసం ఆగడమే మంచిది.

బాబుకు తొమ్మిదేళ్లు కదా. ఎక్కువ సెంటర్లు పాటించే నియమాల్లో సముద్రంలో ట్రై డైవ్‌కి కనీస వయసు పదేళ్లు. ఎనిమిదేళ్ల నుంచి పూల్‌లో రెండు మీటర్ల లోపు చేయించే పిల్లల ప్రోగ్రాం ఉంది, వాళ్లకు అదే పెద్ద పండగ. "పదికి దగ్గరే కదా, తీసుకెళ్దాం" అని ఎవరైనా అంటే, ఆ ఒక్క మాటతో ఆ సెంటర్ ఎలాంటిదో అర్థం చేసుకుని ఇంకో చోటికి వెళ్లండి. మీరిద్దరూ ఒకేసారి దిగుతారా, ఒకరి తర్వాత ఒకరా అన్నది కూడా ముందే ఆలోచించుకోండి. ఒడ్డున బాబు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, సెంటర్ సిబ్బందికి అది పని కాదు.

ఏం చూస్తారో కూడా చెప్పాలి, లేకపోతే నిరాశ పడతారు. అండమాన్ వీడియోల్లోలాగా పగడాల తోటలు, రంగురంగుల చేపల గుంపులు ఇక్కడ ఉండవు. మధ్యధరా నీళ్లలో పోషకాలు తక్కువ, అందుకే చేపలూ తక్కువ, ఆ కారణం వల్లే నీళ్లు అద్దంలా ఉంటాయి. మంచి రోజున ముప్పై మీటర్ల దూరం కనిపిస్తుంది. రుషికొండలో స్కూబా చేసి వచ్చిన విశాఖ కుర్రాడొకడు నీళ్లలో తల పెట్టగానే ఎత్తులో నిలబడ్డట్టు కళ్లు తిరిగాయన్నాడు. సున్నపురాయి గోడలు, గుహల నోళ్లు, పొసిడోనియా గడ్డి మైదానాలు ఇక్కడి అందం. పొసిడోనియా నాచు కాదు, పూలు పూసే మొక్క, ఇక్కడి రకం ఈ సముద్రంలో తప్ప ఎక్కడా పెరగదు. దాని మీద చిన్న చిన్న నల్ల చేపలు గుంపులుగా నిలబడి ఉంటాయి, వాటి పిల్లలు మెరిసే నీలం రంగులో ఉంటాయి. రాళ్ల సందుల్లో ఆక్టోపస్ కనిపిస్తే ముట్టుకోకుండా రెండు నిమిషాలు కదలకుండా ఉండండి, అదే మెల్లగా బయటికి వచ్చి మిమ్మల్ని చూస్తుంది.

మీవారు యూట్యూబ్‌లో ఓడల వీడియోలు చూసి ఉంటారు. ఉమ్ ఎల్ ఫరూద్ ట్యాంకర్‌ని డైవర్ల కోసం కావాలనే 1998లో ముంచారు, చిర్కెవా దగ్గరి పీ29 గస్తీ ఓడను 2007లో. రెండూ అడుగున 35 మీటర్ల పైచిలుకు లోతులో ఉన్నాయి. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉన్నా పరిమితి 18 మీటర్లే. వలెట్టాలో హెచ్.ఎం.ఎస్. మావొరి ఉంది, 1941లో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ వేటలో పాల్గొని, 1942లో బాంబు దాడిలో మునిగిన బ్రిటిష్ డిస్ట్రాయర్. అది పద్నాలుగు మీటర్ల లోతులోనే, సర్టిఫికెట్ వచ్చాక ఆయన మొదట చూడాల్సింది అదే. గోజోలో ద్వేయ్‌రా మాత్రం ఒడ్డునుంచి చూసి రండి. అజూర్ విండో అనే రాతి తోరణం 2017 మార్చి 8న తుపాను గాలికి కూలిపోయింది, పక్కనున్న బ్లూ హోల్ అలాగే ఉంది. అది కొత్తవాళ్లు దిగే చోటు కాదు.

జూన్ చివర్లో నీళ్లు 22, 23 డిగ్రీలు ఉంటాయి. వినడానికి వెచ్చగానే ఉంటుంది కానీ, అరగంట కదలకుండా ఉంటే వణుకు పుడుతుంది. 5 మిల్లీమీటర్ల వెట్‌సూట్ అడగండి. కొన్ని రోజుల్లో ఊదారంగు జెల్లీఫిష్‌లు వస్తాయి, సూట్ నిండుగా ఉంటే వాటి బాధా తగ్గుతుంది. మంగళసూత్రం, మెట్టెలు, ఉంగరాలు రూమ్ లాకర్‌లో పెట్టి రావడం మేలు. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే సూట్ లోపల ఉంచి జిప్ వేసుకోవచ్చు. మెట్టెలు మాత్రం బూట్లలో నొక్కుకుంటాయి. మీవారికి గుబురు మీసం ఉంటే మాస్క్‌లోకి నీళ్లు కారుతూనే ఉంటాయి, ముక్కు కింద ఒక సన్నటి గీత మేర కత్తిరించుకుంటే చాలు. కళ్లజోడు ఉంటే పవర్ ఉన్న మాస్క్‌లు దొరుకుతాయి, ముందే నంబర్ చెప్పాలి. ఇంకోటి, నీళ్లలో బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదు, "పైకి వెళ్దాం" అని. మనవాళ్లు ఆనందంతో బొటనవేలు చూపించి, నేను పైకి తీసుకొచ్చాక కోప్పడుతుంటారు.

బుక్ చేసే ముందు సెంటర్ వాళ్లను ఫోన్‌లోనే అడగండి: ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌తో ఎంతమంది దిగుతారు, ఏ చోట, గాలి వల్ల రద్దయితే డబ్బు వాపసా లేక రోజు మారుస్తారా. ఈత రాదని అప్పుడే చెప్పండి, దాచొద్దు. ఒకరికి ఇద్దరు దాటితే నేనైతే ఒప్పుకోను, మీ విషయంలో ఒకరికి ఒకరు ఇమ్మనండి, పది ఇరవై యూరోలు ఎక్కువైనా సరే. ఇక్కడ చాలాచోట్ల పడవ కాదు, ఒడ్డునుంచే దిగుతారు. ఇరవై కిలోల సామాను వీపున వేసుకుని రాళ్ల మీద నడిచి నిచ్చెన దిగాలి. మోకాళ్ల నొప్పులుంటే అదీ చెప్పండి, సామాను నీళ్లలోనే తొడుగుతారు.

దిగే ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్, బీపీ మందులు, గర్భం లాంటివి అందులో ఉంటాయి. గర్భం అయితే డైవ్ పూర్తిగా వద్దు. మిగతా వాటిలో దేనికైనా "అవును" అయితే డాక్టర్ సంతకం లేనిదే దింపరు. చాలామంది కౌంటర్ దగ్గర ఆ కాగితం చూసి, వెనక క్యూ ఉందని అన్నిటికీ "లేదు" అని కొట్టేస్తారు. ఆ ఫారం సెంటర్ వాళ్లను అడిగి ఇప్పుడే మెయిల్‌లో తెప్పించుకుని ఇంట్లో తీరిగ్గా చదవండి. సంతకం కావాల్సి వస్తే జర్మనీలో అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పడుతుంది. మీ జర్మనీ ఆరోగ్య ఇన్సూరెన్స్ కార్డు వెనకవైపు యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు ఉంటుంది, అది తెచ్చుకోండి. ప్రభుత్వ ఆసుపత్రి మేటర్ దేయ్‌లో డైవర్లకు చికిత్స చేసే ప్రెషర్ ఛాంబర్ ఉంది, అక్కడ అది పనికొస్తుంది. ప్రైవేటు ఆసుపత్రికి ఆ కార్డు పనిచేయదు కాబట్టి, కొన్ని రోజులకు ఇచ్చే డైవింగ్ బీమా విడిగా తీసుకోండి. సెంటర్ ఫీజులోనే అది కలిసి ఉందేమో ముందు అడిగి చూడండి.